పాడిపశువును బెదరకుండా పట్టుకోవడం, కట్టడం, పడవేయడం: సమగ్ర మార్గదర్శి

చిత్తూరు జిల్లాలో పలమనేరు, వి.కోట, బంగారుపాళ్యం వైపు రెండు మూడు ఆవులతో సంసారం నెట్టుకొచ్చే ఇళ్ళలో ఒకే ప్రశ్న పదే పదే వినిపిస్తుంది: రోజూ పాలు పిండేటప్పుడు కదలకుండా నిలబడే ఆవు, సూది వేయించే రోజున నలుగురు మగవాళ్ళకు కూడా ఎందుకు లొంగదు? పాలు పిండడానికి తెలిసిన మనిషి ఒక్కరే, తెలిసిన వైపు నుంచి, తొందర లేకుండా వస్తారు. సూది రోజున నలుగురు కొత్తవాళ్ళు నాలుగు దిక్కుల నుంచి కేకలు వేస్తూ వస్తారు. చాలా గాయాలకు మూలం ఆ తేడాలోనే ఉంది కాని, ఆవు పొగరులో లేదు.

అందువల్ల ఈ పద్ధతులన్నిటికీ ఒకే కొలమానం పెట్టుకుందాం. ఏ పనికైనా సరిపోయేంత తక్కువ పట్టు, వీలైనంత తక్కువ సేపు వాడాలి. చేతితో అయ్యే పనికి తాడు వద్దు, తాడుతో అయ్యే పనికి పడవేయడం (పశువును నేల మీద పడుకోబెట్టడం) వద్దు.

1. ముందుగా తెలుసుకోవలసినది: చూపు, బెదురు, తన్ను

ఆవుకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల చుట్టూ చాలా భాగం ఒకేసారి కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనక ఉన్న చోటు, మూతికి ఎదురుగా ఆనుకుని ఉన్న కొద్ది చోటు మాత్రం కనిపించవు. కనిపించని చోటి నుంచి చెయ్యి తగిలితే అది ముందు తన్నుతుంది, తరవాత చూస్తుంది.

ప్రతి పశువుకు ఒక బెదురు దూరం ఉంటుంది. మీరు ఆ గీత దాటి లోపలికి అడుగు వేస్తే అది కదులుతుంది, ఒక అడుగు వెనక్కు వేస్తే ఆగుతుంది. చేతి మీద పెరిగిన ఆవుకు ఈ దూరం దాదాపు ఉండదు. సంతలో కొత్తగా కొన్న ఆవుకు పది పన్నెండు అడుగులైనా ఉండవచ్చు. దాని భుజానికి వెనక పక్కగా మీరు జరిగితే ముందుకు నడుస్తుంది, భుజానికి ముందు పక్కకు వస్తే వెనక్కు తగ్గుతుంది. కర్ర లేకుండా ఆవును కొట్టంలోకి నడిపించడానికి చాలాసార్లు ఈ ఒక్క విషయం చాలు.

ఇక తన్ను సంగతి. గుర్రం వెనక్కు తన్నుతుంది, ఆవు మాత్రం వెనక కాలిని ముందుకు తెచ్చి పక్కకు విసురుతూ తన్నుతుంది. కాబట్టి తొడ పక్కన రెండు మూడు అడుగుల దూరంలో నిలబడడమే అన్నిటికంటె ప్రమాదకరం. భుజం దగ్గర ఒంటికి ఆనుకుని నిలబడండి, లేదా కాలు అందనంత దూరంగా ఉండండి. మధ్యలో ఉండవద్దు.

పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తే ఉంటుంది కదా అని దాన్ని మేకను పట్టినట్లు పట్టబోయి మోకాలి చిప్పకు దెబ్బ తగిలించుకున్నవాళ్ళను చూశాను. ఎత్తు తగ్గినంత మాత్రాన కాలి విసురు తగ్గదు.

2. పని మొదలుపెట్టే ముందు

వేసవిలో ఈ పనులను ఉదయం ఎనిమిది లోపే ముగించాలి. పెనుగులాడిన పశువుకు ఒంటి వేడి త్వరగా పెరుగుతుంది. ఎనుముకు (గేదెకు) ఎండ మరీ పడదు కాబట్టి దాన్ని కట్టే ముందు ఒంటి మీద నీళ్ళు పోయడం మంచిది.

సరిచూసుకోవలసిన పట్టిక:

– మెత్తటి నూలు తాడు, బొటనవేలంత లావు, పన్నెండు అడుగులది ఒకటి. పడవేసే పని ఉంటే ముప్ఫై నుంచి నలభై అడుగులది మరొకటి. నైలాను తాడు చర్మాన్ని కాల్చినట్లు కోస్తుంది, ముడి కూడా జారుతుంది.
– కదలని గుంజ లేదా మామిడి మాను మొదలు. కొమ్మ, మంచం కోడు, ఆగివున్న ట్రాక్టరు, గేటు పనికిరావు.
– జారని నేల. పేడ, నీళ్ళు ఉన్న బండల మీద మట్టో ఇసుకో చల్లాలి.
– అత్యవసరానికి పదునైన కొడవలి లేదా కత్తి, చేతికందే ఎత్తులో, పశువుకు తగలని చోట.
– మూసిన చెప్పులు. వట్టికాళ్ళతోను, హవాయి చెప్పులతోను ఈ పని చేయవద్దు. మెడలో వేలాడే తువ్వాలు, చేతి ఉంగరం తీసి పక్కన పెట్టండి.
– కుక్కను కట్టేయాలి. పిల్లలను దూరంగా పంపాలి. దూడ మాత్రం తల్లి కంటికి కనిపించే చోట ఉండాలి.
– మాట్లాడే మనిషి ఒక్కరే. ఎవరు ఏది పట్టాలో, ఎప్పుడు వదలాలో వారే చెప్పాలి.

చివరిదాన్ని చాలామంది లెక్కచేయరు. ఒకరు 'పట్టు' అని, మరొకరు 'వదులు' అని అరిచే కొట్టంలోనే మనుషులకు దెబ్బలు తగులుతాయి.

3. దగ్గరికి వెళ్ళడం

రోజూ పాలు పిండే వైపు నుంచే, భుజాన్ని చూస్తూ, ఏటవాలుగా వెళ్ళండి. కళ్ళలోకి సూటిగా చూస్తూ ఎదురుగా నడవవద్దు. వెళ్ళేటప్పుడు రోజూ పిలిచే పిలుపుతోనే పిలవాలి. పేరు ఏదైనా సరే, గొంతు తెలిసినదై ఉండాలి.

మొదటి చెయ్యి మూపు మీద గాని, భుజం మీద గాని పడాలి. అక్కడ అరచేతితో గట్టిగా రుద్ది, చెయ్యి తీయకుండానే మెడకూ తలకూ పోనివ్వాలి. వేలికొసలతో తాకితే ఈగ వాలినట్లు ఉంటుంది కాబట్టి చర్మం జలదరిస్తుంది. వెనక భాగంలో పని ఉన్నా ఇలాగే భుజం నుంచి మొదలుపెట్టి, వెన్ను మీదుగా చెయ్యి ఆనించే తుంటి దాకా వెళ్ళాలి.

చెవులు వెనక్కు వాలడం, కంటిలో తెల్లగుడ్డు కనబడడం, తోక బిగపట్టడం లేదా విసురుగా కొట్టడం, బుసకొట్టడం: వీటిలో ఏ రెండు కనిపించినా ఆగి, ఒక అడుగు వెనక్కు వేసి, అది తల దించేదాకా నిలబడండి. ఆ రెండు నిమిషాలు దండగ కావు.

కోడె విషయంలో ఇంకొక జాగ్రత్త. తల దించి, పక్కకు తిరిగి ఒంటి పొడవంతా చూపిస్తూ, నేలను గిట్టతో గీరుతున్న కోడె బెదిరినది కాదు, మీదికి రావడానికి సిద్ధమైనది. దానికి వీపు చూపించకుండా వెనక్కు నడిచి, గోడో కంచో మధ్యలో ఉండేట్లు చూసుకోవాలి.

4. కట్టే ముడి

ఎవరికైనా మొదట నేర్పవలసినది తాడును చేతికి చుట్టుకోకూడదన్న మాట. ఇరవై ఏళ్ళ వయసులో జెర్సీ పెయ్యను నీళ్ళకు తోలుకెళ్తూ పలుపును అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. రోడ్డు మీద లారీ హారను మోగింది. పెయ్య ఉరికింది. నేను ఎంత దూరం ఈడ్చుకుపోయానో గుర్తు లేదు గాని, చిటికెనవేలి కింద చర్మం ఒలిచిన చోట ఈ రోజుకూ వెంట్రుక మొలవని నున్నటి మచ్చ ఉంది. తాడును ఎప్పుడూ మడతలుగా వేసి, ఆ మడతలను పిడికిట్లో పట్టుకోవాలి. అది లాగితే మడత ఒక్కొక్కటే జారుతుంది, చెయ్యి చిక్కుకోదు.

రెండవది, గుంజకు వేసే ముడి. మన ఇళ్ళలో వేసే పీటముడి పశువు లాగేకొద్దీ బిగుసుకుంటుంది, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఊడదు. దాని బదులు ఇలా వేయండి:

(అ) తాడు కొసను గుంజ చుట్టూ ఒకసారి తిప్పండి.
(ఆ) ఆ కొసను పశువు వైపు పోయే తాడు మీదుగా అడ్డంగా వేసి, ఒక ఉచ్చు ఏర్పడేట్లు పట్టుకోండి.
(ఇ) కొసను మొత్తంగా ఉచ్చులో దూర్చకుండా, మధ్యకు మడిచి ఆ మడతను మాత్రమే దూర్చి బిగించండి.
(ఈ) మిగిలిన కొసను జానెడు పైగా వేలాడనివ్వండి. దాన్ని ఒక్కసారి లాగితే ముడి మొత్తం విడిపోవాలి.

పశువుకు కట్టే ముందు ఖాళీ గుంజకు పదిసార్లు వేసి విప్పి చూసుకోండి. పని కోసం కట్టేటప్పుడు ముడి పశువు మూపు ఎత్తుకు తగ్గకుండా ఉండాలి. గుంజకూ తలకూ మధ్య మూర కంటె ఎక్కువ తాడు వదిలితే ముందు కాలు అందులో పడుతుంది. అయితే ఇది పని జరిగేంత సేపటికే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం పశువును మరీ పొట్టి తాడుతో గాని, మరీ బరువైన గొలుసుతో గాని సమంజసం కానంత సేపు కట్టి ఉంచడం నేరం.

5. తలను పట్టడం

శరీరంలో ఏ భాగం కదలకూడదన్నా మొదట తల చేతిలో ఉండాలి. మెడపలుపు ఒక్కదానితో తల నిలవదు, పైగా లాగితే గొంతు బిగుస్తుంది. చెవుల వెనక ఒక పట్టీ, మూతి మీద ఒక పట్టీ వచ్చేలా తాడుతోనే అల్లే తలతాడు ఇంట్లో ఒకటి ఉండాలి. మూతి మీది పట్టీ కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్యలో ఎముక మీద ఉండాలి. కిందికి జారి మెత్తటి భాగాన్ని నొక్కితే ఊపిరాడదు. రెండు వేళ్ళు దూరేంత వదులు చాలు.

ముకుతాడు ఉన్న పశువుకు దానినే గుంజకు కట్టేయడం చాలామంది చేసే తప్పు. బెదిరి వెనక్కు లాగితే ముక్కు చీరుతుంది. ముకుతాడును మనిషి చేతిలో ఉంచుకుని, గుంజకు కట్టేది తలతాడునే కట్టాలి.

ముకుతాడు లేకపోతే, రెండు నిమిషాల పనికి బొటనవేలు, చూపుడు వేలు రెండు ముక్కు రంధ్రాల్లో పెట్టి మధ్య గోడను పట్టుకోవచ్చు. గోళ్ళు కత్తిరించుకుని ఉండాలి. ముక్కు పట్టకారు వాడితే పని అయిన వెంటనే తీసేయాలి.

గాలికుంటు టీకా, చెవిపోగు వేయడం వంటి పనులకు ఇంతకు మించి అక్కర్లేదు. ఆవును గోడకు ఒక పక్క ఆనేట్లు నిలిపి, తలను కొద్దిగా మీ వైపు తిప్పి పట్టుకుంటే ఒకరితో టీకా అయిపోతుంది.

6. మందు తాగించడం

పట్టుకోవడంలో తప్పు వల్ల ప్రాణం పోయే పని ఏదైనా ఉందంటే ఇదే. కడుపుబ్బరం వచ్చిన ఆవుకు నూనె పోయడానికి మా వీధిలో ముగ్గురు కలిసి తలను ఆకాశానికి ఎత్తి పట్టారు. ఆవు దగ్గింది. 'చిన్నాన్నా, తల దించు, దగ్గుతా ఉండాది' అంటే, 'ఇంకొంచెమే మిగిలిండేది' అని గొట్టం ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. ఉబ్బరం ఆ సాయంత్రమే తగ్గింది. మూడో రోజుకు ముక్కు వెంట చెడువాసనతో చీమిడి, డొక్కలు ఎగరేస్తూ ఆయాసం, ఐదో రోజుకు ఆవు లేదు. కడుపులోకి పోవలసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయింది.

సరైన క్రమం ఇది:

(అ) పశువు నిలబడి ఉండాలి, స్పృహగా ఉండాలి, మింగగలగాలి. ఈనిన ఒకటి రెండు రోజుల్లో చెవులు చల్లబడి, మెడను డొక్క వైపు తిప్పుకుని పడుకున్న ఆవుకు పాలజ్వరం అయి ఉండవచ్చు. దానికి నోటి వెంట ఏమీ పోయవద్దు, డాక్టరును పిలవాలి.

(ఆ) దానికి కుడి పక్కన, అది చూసే దిక్కుకే మీరూ చూస్తూ, మీ తుంటి దాని మెడకు ఆనేట్లు నిలబడండి.

(ఇ) ఎడమ చేతిని దాని ముఖం మీదుగా అవతలికి పోనిచ్చి, నోటి మూలలో పళ్ళు లేని ఖాళీలో రెండు వేళ్ళు పెట్టండి. నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నాలుకను బయటికి లాగకూడదు, నాలుక చిక్కితే మింగలేదు.

(ఈ) ముక్కు కంటి ఎత్తుకు వస్తే చాలు. అంతకు మించి ఒక్క అంగుళం కూడా ఎత్తవద్దు.

(ఉ) వెదురు గొట్టమో ప్లాస్టిక్ సీసానో కుడి నోటి మూల నుంచి పెట్టి గుక్కెడు పోయండి. గొంతు కింద మింగిన కదలిక కనిపించాకే మరో గుక్క. గాజు సీసా కొరికితే పగులుతుంది.

(ఊ) దగ్గినా, పొలమారినా, పెనుగులాడినా వెంటనే తల వదిలేయండి. మిగిలిన మందు నేలపాలైనా సరే.

నూనె మందులు నీళ్ళ మందుల కంటె సులువుగా ఊపిరి దారిలోకి జారతాయి కాబట్టి వాటికి రెట్టింపు సమయం తీసుకోవాలి.

7. వెనక భాగం: తోక, డొక్క, కాళ్ళు

తోకను మొదలుకు బెత్తెడు లోపల రెండు చేతులతో పట్టి, వెన్ను మీదికి నిటారుగా ఎత్తితే చాలా ఆవులు తన్నడం మానేస్తాయి. పక్కకు మెలిపెట్టినా, కొస పట్టి లాగినా ఎముక విరుగుతుంది. ఎత్తేవారు వెనక కాక, తుంటికి ఆనుకుని పక్కన నిలబడాలి. పొదుగు పరీక్షకు, గర్భధారణ సూదికి ఈ పట్టు సరిపోతుంది.

తొడకూ పొట్టకూ మధ్య ఉన్న చర్మపు మడతను గుప్పిట్లో గట్టిగా పట్టి పైకి లాగడం మరో పద్ధతి. దీనికి తాడు అక్కర్లేదు.

పాలు పిండేటప్పుడు తన్నే పశువుకు కాళ్ళబంధం వేస్తే, వెనక కాళ్ళ మడమ కీలుకు పైన, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, ముందు చెప్పిన విడిపోయే ముడితోనే ముగించాలి. అయితే నిన్నటి దాకా తన్నని ఆవు ఈ రోజు తన్నిందంటే బంధం వెతకడం కాదు, చన్నులు చూడాలి. పగులు, పొదుగు వాపు, గడ్డలు కట్టిన పాలు ఉంటే అది నొప్పి చెబుతోంది.

8. పడవేయడం

నిలబెట్టి చేయలేని పని అయితేనే, డాక్టరు చెబితేనే, వారు దగ్గర ఉండగానే ఇది చేయాలి. పశువుల ఆసుపత్రిలో ఇనుప పైపుల చట్రం ఉంటే చాలా పనులు అందులోనే అవుతాయి, పడవేయవలసిన అవసరమే రాదు. చూడి పశువును, కడుపు ఉబ్బిన పశువును, ఆయాసపడుతున్న పశువును పడవేయకూడదు.

ముందు రోజు రాత్రి నుంచి మేత ఆపాలి. నిండు కడుపుతో పడుకోబెడితే మేత గొంతులోకి తిరిగి వచ్చి ఊపిరాడని ప్రమాదం ఉంది. రాళ్ళు లేని దుక్కి నేల, లేదా మోకాలి లోతు గడ్డి పరుపు కావాలి. ముగ్గురు మనుషులు చాలు.

(అ) తలతాడు వేసి ఒకరు తలను పట్టాలి. పని ముగిసేదాకా వారు వేరే పని చేయకూడదు.

(ఆ) పొడవాటి తాడు కొసతో మెడ మొదట బిగుసుకోని ఉచ్చు వేయాలి. ఇది జారుముడి అయితే ఉరి అవుతుంది. రెండుసార్లు లాగి చూసుకోండి.

(ఇ) తాడును వెన్ను మీదుగా తెచ్చి, ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టూ తిప్పి, వెన్ను మీద తన కిందుగానే దూర్చాలి.

(ఈ) అలాగే రెండవ చుట్టును తుంటి ఎముకలకు ముందు, పొదుగుకు ముందు వేయాలి. కోడె అయితే మూత్రావయవం, ఆవు అయితే పొట్ట కింద లావుగా కనిపించే పాలనరం నలగకుండా చూడాలి.

(ఉ) మిగిలిన కొసను ఇద్దరు వెనక్కు నేరుగా, ఆపకుండా లాగాలి. కుదుపులు వద్దు. చుట్లు బిగిసేకొద్దీ వెనక కాళ్ళు మడిచి పశువు తనంతట తానే కూర్చుంటుంది. వీలైతే కుడి పక్కకు ఒరగనివ్వాలి. పెద్ద పొట్ట ఎడమ వైపు ఉంటుంది కాబట్టి అది పైకి ఉండడం మేలు.

(ఊ) ఒరగగానే తల కింద గోనెసంచి పెట్టి, నేల వైపు కంటికి గుడ్డ అడ్డుపెట్టి, చొంగ కారిపోయేట్లు మూతిని కొద్దిగా కిందికి వంచాలి. మెడ మీద మోకాలు పెట్టకూడదు.

పని అయిన మరుక్షణం దాన్ని నెమరు వేసేటప్పుడు కూర్చునే భంగిమకు లేపాలి. పక్కకు పడి ఉన్నంత సేపూ లోపలి గాలి బయటికి పోదు. ఎడమ డొక్క డోలులా బిగుసుకుంటే పని సగంలో ఉన్నా ఆపేయాలి.

9. దూడలు, మేకలు, గొర్రెలు

దూడను ఒక చేతిని రొమ్ము చుట్టూ, మరో చేతిని తొడల వెనకా పెట్టి కౌగిలించినట్లు పట్టాలి. మేకను, గొర్రెను దవడ కింద అరచేతితో పట్టి, మోకాళ్ళతో భుజాలను అదిమితే నిలుస్తాయి. చెవి, కొమ్ము, ఒంటికాలు, ఉన్ని పట్టి ఎత్తకూడదు. చిన్న మేకపిల్ల కొమ్ము మొదలంటా ఊడుతుంది.

10. వాహనంలో ఎక్కించవలసి వస్తే

పెద్ద శస్త్రచికిత్స కోసం తిరుపతి పశువైద్య కళాశాలకు తీసుకువెళ్ళేవాళ్ళు పలమనేరు నుంచి మొగిలి ఘాటు దిగాలి. వాహనం నేల మీద ఇసుకా, దాని మీద గడ్డీ పరవండి. ఎత్తైన మట్టి గట్టు పక్కన వాహనాన్ని వెనక్కు ఆనించి నిలిపితే పశువు నడుచుకుంటూ ఎక్కుతుంది. తలతాడును విడిపోయే ముడితో కట్టి, ఒక మనిషి లోపల ఉండాలి. మలుపుల్లో నెమ్మదిగా పొమ్మని డ్రైవరుకు ముందే చెప్పండి. కదిలించలేని స్థితి అయితే 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని అడగవచ్చు.

11. పొరపాటు జరిగితే

పశువు తాడులో చిక్కుకుని పడిపోతే: ముందు తలను నేలకు అదిమి పట్టాలి. తల ఎత్తకుండా ఆవు లేవలేదు, విసురుగా తన్నలేదు. తరవాత ముడి లాగండి, రాకపోతే తాడు కోసేయండి. తాడు ఖరీదు చూసుకునే సమయం కాదు.

లాగినా కదలకపోతే: ఎదురుగా నిలబడి లాగడం మానండి. తలను ఒక పక్కకు తిప్పితే ఒక అడుగు వేయక తప్పదు. వెంటనే తాడు వదులు చేయండి. వదులు చేయడమే దానికి బహుమానం. తోక కొరకడం, ముల్లుకర్రతో పొడవడం ఈ పనికి అవసరం లేదు.

చొంగ కారుస్తూ, మింగలేక, గొంతు మారిన అరుపు అరుస్తున్న పశువు కనిపిస్తే: గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టవద్దు. అది కుక్క కరిచిన రేబిస్ అయి ఉండవచ్చు. దాన్ని ఒంటరిగా కట్టి డాక్టరుకు చెప్పండి. చొంగ చేతి గాయానికి అంటితే సబ్బుతో, కారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు మనుషుల ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి.

12. వదిలే క్రమం

వెనక తాడు ముందు, తల తాడు చివర. తల ముందు వదిలితే బంధించిన కాళ్ళతోనే ఉరికి పడుతుంది. తాళ్ళన్నీ తీశాక కూడా అది స్థిమితపడేదాకా తలతాడు చేతిలో ఉంచుకుని, పిడికెడు పచ్చిగడ్డి అక్కడే, అదే చోట తిననివ్వాలి. వదలగానే పరుగెత్తనిస్తే మరుసటిసారి ఆ గుంజ చూడగానే లాగడం మొదలుపెడుతుంది.

మరుసటి ఉదయం మూడు చోట్లు చూడండి: మూతి మీద తాడు ఒరుసుకున్న గుర్తు, చంకల్లో వాపు, నడకలో కుంటు. ఒరుసుకుంటే పసుపు, వేపనూనె రాస్తే ఈగ వాలదు. కుంటు రెండో రోజుకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

తాళ్ళను ఉతికి, నీడలో ఆరబెట్టి, పేలికలు లేచిన చోటు ఉందేమో వేళ్ళతో తడిమి చూసి, కొట్టంలో ఎలుక అందని చోట తగిలించండి.